445 నంబరు తూము

మా అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఏడు. ఇద్దరూ మెల్‌బోర్న్‌లోనే పుట్టారు. తెలుగు అర్థమవుతుంది కాని, మాట్లాడమంటే మావాడు "అవ్వ వచ్చాడు, తాత వెళ్లింది" అంటాడు. దిద్దితే నవ్వుతాడు, మళ్లీ అలాగే అంటాడు. ఆదివారం తెలుగు తరగతికి పంపుతున్నాం. అక్కడ నేర్చుకున్న గుణింతాలు ఇంటికి వచ్చే దారిలో, కారులోనే రాలిపోతాయి.

నేను కంప్యూటర్ల పని చేసేదాన్ని. ఏ సమస్యకైనా నాకు ముందు హార్డ్ డిస్కే గుర్తొస్తుంది. ఇంట్లో ఒక మూల, టీవీకి వైఫై మీంచి అందేటట్టు ఒక నెట్‌వర్క్ డిస్కు పెట్టి, దాని నిండా తెలుగు నింపితే, పిల్లలు టీవీ వేసినప్పుడల్లా కంటి ముందు తెలుగే ఉంటుంది కదా అనుకున్నాను. పౌరాణిక సినిమాలు, హరికథలు, పద్యాలు, బొమ్మల కథలు, దేనికి దానికి ఒక ఫోల్డర్. టీవీ పెట్టెలో వీడియోలు ఆడించే కోడి అనే సాఫ్ట్‌వేర్ వేశాను. 2002లో ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె కోసం మొదలై, చాలాకాలం ఎక్స్‌బీఎంసీ అని పిలిపించుకుని, 2014లో ఈ పేరు పెట్టుకుంది. మా అమ్మకు ఆ పేరు తెగ నచ్చింది. "మీ ఇంట్లో కోడి కూసిందా?" అని ఫోనులో అడుగుతుంది, పిల్లలు టీవీ ముందు కూర్చున్నారా అని దాని అర్థం.

పిల్లల కోసం ఆ డిస్కులో వేరే ఖాతా తెరిచి, చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చాను. రిమోటుతో ఆడుకుంటూ ఏదో ఒకటి చెరిపేస్తారని భయం.

చూసిన వీడియో పక్కన కోడి ఒక టిక్కు పెడుతుంది. ఆరు నెలల తర్వాత లెక్క చూస్తే పద్యాల ఫోల్డర్‌లో ఒక్క టిక్కు లేదు. హరికథల్లో ఒకటి ఉంది, అదీ నేను సరిచూడడానికి పెట్టుకున్నదే. వరసగా టిక్కులున్నది ఒక్క చోటే. అంతకు ముందు కర్నూలు వెళ్లినప్పుడు ఫోనులో తీసి, పేరు కూడా పెట్టకుండా ఒక మూల పడేసిన తునకలు. వాటిలో అమ్మ ఉగ్గాని చేసే నాలుగు నిమిషాల వీడియో ఒకటుంది. బొరుగులు నీళ్లలో ముంచుతుంది, రెండు గుక్కలు తాగేంత సేపు ఆగుతుంది, రెండు చేతులతో పిండి పళ్లెంలోకి విదిలిస్తుంది. ఎక్కువ నానితే ముద్దవుతుంది, తక్కువ నానితే పంటి కింద కరకరమంటుంది అని తనలో తాను అనుకుంటున్నట్టు చెబుతుంది. తాలింపులో ఉల్లిపాయలు, పసుపు, పైన పుట్నాల పొడి. వెనకాల ప్రెషర్ కుక్కర్, వీధిలో ఎవరో ఎవరినో పిలవడం. చివర్లో "ఆ ఫోను పక్కన పెట్టి ముందు తినవే" అని నన్ను కసురుతుంది. ఆ మాటను మా అమ్మాయి అదే గొంతుతో, అదే విసుగుతో అంటుంది. తరగతిలో నేర్పని 'వే' దానికి అంత చక్కగా పట్టుబడింది.

అలాంటి తునకల కోసమే పోయిన జనవరిలో, అక్కడి బడుల ఎండాకాలం సెలవుల్లో, కర్నూలు వచ్చినప్పుడు నాన్న కంప్యూటర్‌లో ఉన్నవన్నీ తిరగేశాను. నిజానికి అక్కడ ఎక్కువ మిగల్లేదు. మా ఇల్లు వన్‌టౌన్‌లో. 2009లో గాంధీ జయంతి రోజు తుంగభద్ర, హంద్రి రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు అమ్మానాన్నలు పక్కవాళ్ల మేడ ఎక్కి బతికారు. కింద గదిలో చెక్క బీరువా నీళ్లలో ఉండిపోయింది. తర్వాత తెరిస్తే ఆల్బముల్లో ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుకల్లా ఉన్నాయి. విడదీయబోతే మొహాలు ఊడి వచ్చాయి. వీడియో క్యాసెట్ల లోపల బురద. నంద్యాలలో అక్క దగ్గర ఉండబట్టి దాని పెళ్లి క్యాసెట్ ఒక్కటి దక్కింది. మూడు గంటల క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే మూడు గంటలూ ఆడించాల్సిందే, తొందరపెట్టడానికి లేదు. నాన్న ఆ పని ఎప్పుడో చేయించి పెట్టుకున్నాడు. కాని కంప్యూటర్ ఉన్నది ముందు గదిలో బల్ల మీద. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆమెకు కావలసింది మంచం మీంచి కనిపించే టీవీలో.

సరే, పావుగంట పని అనుకున్నాను. మూడు రోజులు పట్టింది.

నాన్న కంప్యూటర్‌లో ఫోల్డర్‌ను పంచుకునేటట్టు పెట్టి, టీవీ పెట్టెలో కోడి వేసి, విండోస్ నెట్‌వర్క్ అన్నచోట నొక్కితే ఖాళీ. ఒక్క పేరూ లేదు. మావాడు "తాత కంప్యూటర్ చచ్చిపోయింది" అని తేల్చేశాడు. కంప్యూటర్ నిక్షేపంగా ఉంది. విండోస్‌లో ఫోల్డర్లు పంచుకునే పద్ధతిని ఎస్‌ఎంబీ అంటారు. దాని మొదటి రకంలో ఒక కంత ఉండేది. 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు ఆ కంతలోంచే దూరి, లోకమంతా తిరిగి, ఆస్పత్రుల కంప్యూటర్లకు కూడా తాళాలు వేసింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కొత్త కూర్పు నుంచి, కొత్తగా ఎక్కించే కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఆ పాత రకాన్ని పెట్టడం మానేసింది. మంచి పనే. కాని ఇరుగుపొరుగు కంప్యూటర్ల జాబితా చూపించే పని కూడా ఆ పాతదాని భుజాల మీదే ఉండేది. దానితోపాటు జాబితా పోయింది. పాతదాన్నే మళ్లీ ఆన్ చేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ మాట వినకండి. జాబితా కోసం వెతక్కుండా 'నెట్‌వర్క్ లొకేషన్ చేర్చు' అన్నదాన్ని నొక్కి, కంప్యూటర్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాని ఇంటి నంబరు లాంటిది), ఫోల్డర్ పేరు చేత్తో రాయాలి.

రాశాను. ఈసారి ఖాతా పేరు, పాస్‌వర్డ్ అడిగింది. నాన్న రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇచ్చాను, ఒప్పుకోలేదు. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీంచి వచ్చేవాళ్లకు అసలు పాస్‌వర్డ్ కావాలి. అది నాన్న ఎప్పుడో మరిచిపోయాడు. టీవీ కోసమే విడిగా ఒక ఖాతా తెరిచాను. అయినా తలుపు తెరుచుకోలేదు.

నాన్న కర్నూలు–కడప కాలువ మీద నీటిపారుదల శాఖలో పని చేసి రిటైరయ్యాడు. నా వెనకాల చేతులు కట్టుకుని నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఎస్‌ఎంబీ 445 నంబరు పోర్టు మీద నడుస్తుందనీ, ఇంటి వైఫైని విండోస్ 'పబ్లిక్' అనుకుంటే ఫైర్‌వాల్ ఆ పోర్టును మూసేస్తుందనీ మా అమ్మాయికి ఇంగ్లీషులో చెబుతున్నాను. నాన్న అడ్డొచ్చి, "ఉండు, వీడికి నేను చెబుతాను" అని మావాణ్ని దగ్గరికి లాక్కున్నాడు. "కంప్యూటర్ అంటే చెరువు అనుకో. దాని కట్టకు బోలెడు తూములు ఉంటాయి. ఒక్కో తూముకు ఒక్కో నంబరు. మన సినిమాలు 445 నంబరు తూములోంచి పారాలి. అది మూసి ఉంది. మీ అమ్మ ఇప్పుడు దాన్ని ఎత్తుతుంది." నేను వైఫైని 'ప్రైవేట్'కు మార్చాను. ఫోల్డర్ తెరుచుకుంది. మావాడు చప్పట్లు కొట్టి, "తూము ఓపెన్!" అని ఇల్లంతా తిరిగాడు.

లోపల ఏమీ కనపడలేదు. ఇక్కడ చాలామంది విసుగొచ్చి వదిలేస్తారు. విండోస్‌లో పంచుకునే ఫోల్డర్‌కు రెండు తాళాలు ఉంటాయి. ఒకటి పంచుకునే అనుమతి, రెండోది ఆ ఫోల్డర్‌కే ఉండే భద్రతా అనుమతి. గేటు తీసినా ఇంటి తలుపు వేసి ఉంటే లోపలికి పోలేం కదా. రెండింటిలో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది. రెండోచోట కూడా టీవీ ఖాతా పేరు చేర్చాక అక్క పెళ్లి వచ్చింది.

వచ్చిందా, దాని మీద ఎవరో తెల్లదొర పోస్టరు! ఫైలు పేరును బట్టి ఇంటర్నెట్‌లో వెతికి సినిమా వివరాలు అతికించడం కోడికి అలవాటు. 'పెళ్లి 1996' అన్నదాన్ని చూసి అది ఏదో విదేశీ సినిమా అనుకుంది. అమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని, "మన పిల్ల పెళ్లిలో ఈ మనిషెవరు?" అంది. నంద్యాలకు ఫోను చేసి చెబితే అక్క ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. ఆ ఫోల్డర్‌లో ఉన్నవి సినిమాలు కావని సెట్టింగుల్లో చెప్పాక దొర వెళ్లిపోయాడు.

మర్నాడు కరెంటు పోయింది. తిరిగి వచ్చాక రౌటర్ నాన్న కంప్యూటర్‌కు వేరే ఐపీ చిరునామా ఇచ్చింది, టీవీలో మళ్లీ ఖాళీ. రౌటర్‌లోకి వెళ్లి ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా ఇచ్చేటట్టు కట్టడి చేశాను. ఇన్వర్టర్‌ను నమ్ముకున్న ఇళ్లలో ఈ పని మొదటిరోజే చేసుకోవాలి.

ఇంకో చిక్కు మిగిలింది. నాన్న ఫోల్డర్ల పేర్లన్నీ తెలుగులో పెట్టుకున్నాడు. మా టీవీ పెట్టెలో అవి గడులు గడులుగా కనిపించాయి. ఇంగ్లీషులోకి మారిస్తే అమ్మ చదవలేదు. తెలుగు అక్షరాలు సరిగ్గా వచ్చినా మా పిల్లలు కూడబలుక్కుంటూ చదవాలి. ఫోల్డర్‌లో 'ఫోల్డర్' అన్న పేరుతో ఒక జేపెగ్ బొమ్మ పెడితే కోడి దాన్నే ముఖచిత్రంగా చూపిస్తుందని చెప్పాను. మా అమ్మాయి వెంటనే తాత పాత డైరీలోంచి కాగితాలు చించుకుని కూర్చుంది. పెళ్లికి రెండు దండలు వేసింది. వంటకు బొరుగుల గిన్నె. తాత గొంతు రికార్డు చేసిన వాటికి ఒక గొడుగు, ఎందుకో నాకు తెలియదు. అమ్మ పక్కన కూర్చుని రంగులు అందించింది. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరి మధ్య నేను మాట అందించాల్సిన పని పడలేదు.

బొమ్మలను ఫోనుతో ఫొటో తీసి ఫోల్డర్‌లో పెట్టబోతే, అనుమతి లేదని వచ్చింది. ఇక్కడ కూడా నేను చదవడానికి మాత్రమే ఇచ్చాను, అలవాటు కొద్దీ.

"చూడడానికేనా? పెట్టడానికి లేదా?" అంది మా అమ్మాయి, తెలుగులోనే.

"పొరపాటున ఏదైనా చెరిగిపోతుందని..."

"మెల్‌బోర్న్‌లో కూడా అంతేనా?"

"అవును."

అది కాసేపు ఏమీ మాట్లాడలేదు, రంగు పెన్సిలు చెక్కుకుంది. రెండేళ్లుగా పద్యాల పక్కన టిక్కులు ఎందుకు లేవా అని నేను లెక్కలు వేసుకున్నానే గాని, అందులో వాళ్లది ఒక్క ఫైలైనా లేదని నాకు తట్టలేదు. నా దగ్గర సమాధానం లేదు. అమ్మే అందుకుంది. "చెరిపితే చెరపనీవే. వరదే చెరిపి పోయింది, పిల్లలు చెరిపితే వచ్చిందా?"

అనుమతి మార్చాను. అయినా నా వృత్తి ధర్మం నాది. నెట్‌వర్క్ మీంచి చెరిపిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి పోదు, నేరుగా గంగలోకే. అందుకని కర్నూలు కంప్యూటర్, మెల్‌బోర్న్ డిస్కు ఒకదానిలో పెట్టింది రెండోదానిలోకి వెళ్లేటట్టు సింక్‌థింగ్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, చెరిపినవాటి పాత ప్రతులు కొన్నాళ్లు ఉండేటట్టు పెట్టాను. రెండు ఊళ్లకూ ఒకే రోజు వరద రాదు. రౌటర్‌లో 445 తెరిచేస్తే అక్కడినుంచే చూసుకోవచ్చు కదా అని మా బావ అన్నాడు. ఆ తూము ఊరి బయటికి ఎత్తకూడదు, పురుగులన్నీ అందులోంచే వస్తాయి అని నాన్నే ఆయనకు చెప్పాడు.

తిరిగి వెళ్లే ముందు నాన్న మమ్మల్ని సుంకేసుల తీసుకెళ్లాడు, తన కాలువ మొదలయ్యే చోటికి. మావాడు రెయిలింగ్ పట్టుకుని గేట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

"తాతా, ఇవి ఏమిటి?"

"తూములు. నేను చెప్పానే, అవే."

వాడు నమ్మలేదు. వాడికి తూము అంటే కంప్యూటర్‌లో ఉండేది. దానిలోంచి నిజంగా నీళ్లు వస్తాయని ఎవరూ చెప్పలేదు.

"445 ఏది?"

నాన్న చొక్కా జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ఈ చివరినుంచి ఒక్కొక్క గేటూ వేలుతో చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.