మాంట్రియల్ చలికి టైర్లు

కెనడాలో మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా కారుకు వింటర్ టైర్లు ఉండాల్సిందే, చట్టం. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు కోసం ముందు చూస్తాను. ఒట్టి ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అక్షరాలను నమ్మను. అవి కంపెనీ తనకు తాను వేసుకునేవి. ఆ గుర్తు మాత్రం మంచు మీద పరీక్ష నెగ్గితేనే వస్తుంది.

మా కరోలాకి 205/55 ఆర్16 91టి తీసుకున్నాం. 205 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 55 శాతం పక్క ఎత్తు, 16 అంగుళాల రిమ్ము. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వరకు. వేసవి టైర్లకి హెచ్, అంటే 210, ఉంది కదా అని మా ఆయనకు టెన్షన్. ఈ మంచులో 190 ఎక్కడ తోలతారండీ!

టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ వరుస ఉంటుంది, దాని చివరి నాలుగంకెలూ చూడండి. 3524 అంటే 2024లో 35వ వారం తయారీ.