టకోమా గాలిలో మావయ్యగారు

అమెరికాలో సియాటిల్ దగ్గర ఐ-5 హైవే ట్రాఫిక్‌లో బెల్వ్యూ నుంచి టకోమా చేరేసరికే ప్రాణం విసిగింది. పైగా రెయినియర్ పర్వతం మబ్బుల్లో ఉంది. ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా రిటైరైన మావయ్యగారికి మాత్రం బెంగేమీ లేదు. "ఆ కూలిన టకోమా నేరోస్ వంతెన దగ్గరికి పదమ్మా" అన్నారు.

ఇప్పుడక్కడ రెండు సస్పెన్షన్ బ్రిడ్జిలు (కేబుళ్ళకి వేలాడే వంతెనలు) పక్కపక్కనే ఉన్నాయి. గిగ్ హార్బర్ వైపు వెళ్ళేది 1950 నాటిది, ఫ్రీ. టకోమాకి తిరిగొచ్చేది 2007 నాటిది, టోల్ బాదుతారు. నడకదారి ఈ కొత్తదాని మీదే. లారీ వెళ్ళినప్పుడల్లా కాళ్ళ కింద కాంక్రీటు సన్నగా వణుకుతోంది. నేను రెయిలింగు వదల్లేదు. ఆయనేమో ఆగి, కళ్ళు మూసుకుని ఆ వణుకుని ఆస్వాదిస్తున్నారు!

"కాలేజీలో మాకు రెజొనెన్స్ అని చెప్పారు, ఉయ్యాలని లయ తప్పకుండా తోసినట్టు గాలి తోసిందని. అసలు సంగతి అంత తేలిక కాదు" అని మొదలుపెట్టారు. 1940 జులై 1న తెరిచిన మొదటి వంతెన నవంబరు 7నే కూలింది. గాలి గంటకి 68 కిలోమీటర్లు. హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్ళకి అదో గాలేనా! కానీ రెండు స్తంభాల మధ్య 853 మీటర్ల స్పాన్‌కి వెడల్పు 12 మీటర్లే. అంచుల్లో గాలి దూరే సందైనా లేని ఎనిమిదడుగుల ఉక్కు పలక గర్డర్లు (దూలాలు). మొదట 25 అడుగుల లోతు ట్రస్సులు (గాలి దూరిపోయే ఉక్కు చట్రాలు) అనుకుని, ఖర్చు తగ్గుతుందని మొయిసీఫ్ అనే ఇంజినీరు డిజైన్‌కి మారారు. ముందునుంచీ పైకీ కిందికీ ఊగే వంతెన, ఆ రోజు స్పాన్ మధ్యలో కేబుల్ని బిగించి పట్టే పట్టీ జారడంతో మెలితిరగడం మొదలెట్టింది. తిరిగేకొద్దీ గాలి నుంచి ఇంకా శక్తి లాక్కుంది. దీన్నే ఫ్లట్టర్ అంటారట.

కారులో చిక్కుకున్న టబ్బీ అనే కుక్క కోసం ఆ వంతెన ఊపుని పరిశీలిస్తున్న ప్రొఫెసర్ ఫార్క్వర్సన్ రోడ్డు మధ్యగీత మీద నడుచుకుంటూ వెళ్ళాడు. రెండంచులూ ఎగిరిపడుతున్నా ఆ గీత దాదాపు కదలదని ఆయనకి తెలుసు. బెదిరిన కుక్క కరిచింది తప్ప బయటికి రాలేదు. ఆ రోజు పోయిన ప్రాణం అదొక్కటే.

తర్వాత కారులో పాత వంతెన ఎక్కాం. లేన్ల మధ్య ఇనుప జాలీ కనబడగానే, "అదిగో, గాలి పోవడానికే! కాస్త మెల్లగా పోనివ్వమ్మా" అన్నారు. పోనిచ్చాను. అమెరికాలో అరుదుగా వినబడే హారన్ మా వెనక గట్టిగానే మోగింది.