ఏడు పేజీల చేతిరాత

నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికి నా దగ్గర రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో పద్నాలుగు పుస్తకాలు. గూడూరు రాకముందే పుస్తకాల సంచి పట్టీ తెగింది. చెన్నై దాకా దాన్ని చంటిపిల్లలా ఒళ్లోనే పెట్టుకున్నాను.

సెంట్రల్ బయట ఆటో అతను వెస్ట్ మాంబళానికి నాలుగొందలన్నాడు. నెల్లూరు నుంచి వచ్చిన రైలు టికెట్టుకే అంత కాలేదు. ఒళ్లు మండి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కాను. పది రూపాయల్లోపే పనైపోయింది. మాంబళంలో దిగిన జనమంతా రంగనాథన్ వీధి వైపు పరుగెడుతుంటే, నేనొక్కదాన్నే సంచిని రెండు చేతులా పట్టుకుని అవతలి వైపు వెళ్లాను.

మా పిన్ని కూతురు వాళ్ల అపార్ట్‌మెంట్ మేడ మీద రెండు మూడు నెలలకోసారి పదిహేను ఇరవై మంది తెలుగువాళ్లు చేరి, చదివేసిన పుస్తకాలు మార్చుకుంటారు. ఎన్ని తెస్తే అన్ని తీసుకెళ్లొచ్చు. డబ్బు మాటే లేదు. ఒకటే షరతు, ఇచ్చే పుస్తకం ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు చెప్పాలి. నేనిచ్చిన నవలని ఒక కుర్రాడు అక్కడే పిట్టగోడ మీద కూర్చుని మొదలుపెట్టాడు. నేను నవ్విన చోట నవ్వుతాడా లేదా అని ఓరగా చూస్తూ ఉండిపోయాను. ఇరవై నిమిషాలకి నవ్వాడు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఎనభై దాటిన పెద్దావిడ కూర్చుని ఉంది. పెరంబూరు నుంచి వచ్చిందట. భర్త అక్కడి రైలుపెట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ఆవిడ ఒళ్లో కాలికో గుడ్డ అట్ట వేసిన లావుపాటి బైండు పుస్తకం. చూడగానే గుర్తుపట్టాను, వీక్లీలోంచి వారం వారం సీరియల్ చింపి కుట్టించుకున్నది. మా అమ్మా అలాగే చేసేది. ట్రంకుపెట్టెలో అలాంటివి ఆరు ఉండేవి. ఇరుగుపొరుగుకి ఇచ్చి పుచ్చుకోవడంలో పేజీల మీద పసుపు మరకలు, కాఫీ చుక్కలు. చివరికి రెండే మిగిలాయి. మిగతావి ఎవరింట్లో ఉన్నాయో అమ్మకే గుర్తులేదు, అడగబుద్ధీ కాలేదంటుంది.

మనం నెల్లూరులో ఎదురుచూసిన పత్రికలు చాలావరకు ఒకప్పుడు మద్రాసు నుంచే వచ్చేవి. ఆంధ్రపత్రిక దినపత్రిక 1914లో, చందమామ 1947లో ఈ ఊళ్లోనే మొదలయ్యాయి.

పుస్తకం తిరగేస్తుంటే మధ్యలో అచ్చు ఆగిపోయి, రూళ్ల కాగితాల మీద చేతిరాత కనిపించింది. ఏడు పేజీలు.

"ఆ వారం వానలమ్మా. పేపరబ్బాయి రాలేదు. కొట్లోనూ అయిపోయింది. వెనక వీధి అక్కగారు ఒక్క రాత్రికి ఇస్తానంది. చింపకూడదు కదా, కూర్చుని రాసేశాను" అంది పెద్దావిడ.

ఇంత కష్టపడ్డది ఎందుకిచ్చేస్తున్నారు పెద్దమ్మా అని అడిగాను.

"మా మనవళ్లు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మా ఇంట్లో ఉంటే అట్ట చూస్తారు, అంతే. నువ్వు చదువు. చదివాక దాచుకోకు, ఇంకొకళ్లకియ్యి."

తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకింది. ఆ మేడ మీద చాలామంది ఇళ్లలో ఇదే కథ. పిల్లలకి తమిళం రావడం మంచిదే, బతికే ఊరి భాష అది. కానీ అమ్మమ్మ రాత్రంతా మేలుకుని రాసిన అక్షరాలు మనవడికి అందకపోవడం నాకు మింగుడుపడలేదు. పద్నాలుగు పుస్తకాలు తీసుకెళ్లినదాన్ని ఆ ఒక్కటీ తీసుకుని చాలనుకున్నాను.

మర్నాడు రైలు టైముకి ముందు, సెంట్రల్ పక్కన ఒకప్పుడు పాత పుస్తకాలకి పేరున్న మూర్ మార్కెట్ వైపు వెళ్లాను. అసలు భవనం 1985లో కాలిపోయింది. నాన్న యవ్వనంలో అక్కడ అర్ధరూపాయికి పుస్తకాలు కొన్న కథలు వింటూ పెరిగాను. ఇప్పుడు పక్కన కాంప్లెక్సులో పాత పుస్తకాల కొట్లున్నాయి. నాకు కనిపించినవన్నీ పోటీ పరీక్షల గైడ్లే. పది నిమిషాల్లో బయటికొచ్చేశాను.

పినాకిని సూళ్లూరుపేట దాటాక చేతిరాత పేజీలు వచ్చాయి. మొదటి రెండింట్లో అక్షరాలు గుండ్రంగా, తీరుగా ఉన్నాయి. నాలుగో పేజీలో సిరా నీలం నుంచి నలుపుకి మారింది. ఆరో పేజీకొచ్చేసరికి వరసలు కిందికి వాలాయి. అయినా ఒక్క కామా కూడా వదల్లేదనిపించింది. ఏడో పేజీ చివర, పత్రికలో ఉన్నట్టే, 'సశేషం' అని రాసి గీత కొట్టింది. గీత కింద, చిన్న అక్షరాల్లో, కథకి సంబంధంలేని మాట ఒకటుంది.

"పాలవాడొచ్చాడు."

పేజీ తిప్పాను. మళ్లీ అచ్చు మొదలైంది.