మూడు పిల్లర్లు, ఒక కొక్కెం: నా ఎం.టెక్. ల్యాబ్ అనుభవం

నా ఎం.టెక్. ప్రాజెక్టు కోసం మూడు పిల్లర్లు పోయించి, భూకంపంలో ఊగినట్టు అటూ ఇటూ తోసి విరగ్గొట్టాను. మూడూ 200 మి.మీ. చదరం, మీటరు ఎత్తు, ఎనిమిదేసి 12 ఎం.ఎం. రాడ్లు, ఎం25 రకం కాంక్రీటు. తేడా అంతా రింగుల్లోనే, అంటే నిలువు రాడ్ల చుట్టూ కట్టే ఇనుప చుట్టుల్లో. మొదటిదాంట్లో మన ఊళ్ళలో చూసేట్టు 150 మి.మీ.కి ఒక రింగు, కొక్కెం (రింగు చివర వంపు) 90 డిగ్రీలు. రెండోదాంట్లో భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణం ఐఎస్ 13920 చెప్పినట్టు 50 మి.మీ.కి ఒకటి, కొక్కెం 135 డిగ్రీలు, దాని తోక 65 మి.మీ. లోపలికి. మూడోదాంట్లో దూరం 50 మి.మీ.యే, కొక్కెం మాత్రం 90. నాకు తేల్చుకోవాల్సింది ఆ మూడోదే.

రింగులు కట్టిన మేస్త్రి ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు. “కొక్కెం ఇంత వంచితే రాడ్ల మధ్యకి దూర్చడం కష్టం బాబూ, సైటులో ఎవరూ చెయ్యరు” అన్నాడు. నిజమే, రెండో పిల్లర్‌కి ఒక పూట ఎక్కువ పట్టింది. కాంక్రీటు దిగడానికి చిన్న కంకర వాడి, సన్నసూది వైబ్రేటర్ పెట్టాం. 28 రోజులు నీళ్ళు కట్టాక పరీక్ష.

పైనుంచి జాకీతో 20 టన్నుల బరువు ఎప్పుడూ ఉంటుంది. పక్కనుంచి ఆక్చువేటర్ అనే యంత్రం 2.5 మి.మీ. తోస్తుంది, అంతే వెనక్కి లాగుతుంది, ఇలా మూడుసార్లు. తర్వాత 5, 7.5, 10, అలా పెంచుకుంటూ పోవాలి. మీటరు ఎత్తుకు 10 మి.మీ. అంటే ఒక శాతం డ్రిఫ్ట్ (పక్కకి ఒరగడం). ఇకపై శాతాలన్నీ ఇవే.

మొదటిరోజే దెబ్బతిన్నాను. 5 మి.మీ. తోసినా పిల్లర్ మీద వెంట్రుకంత పగులు లేదు, లోడు అనుకున్నదాంట్లో సగమే. కాంక్రీటు బలం, లోడు కొలిచే లోడ్‌సెల్, లెక్కలు అన్నీ మళ్ళీ చూసుకున్నాను. చివరికి పునాది దిమ్మె పక్కన కదలిక కొలిచే డయల్ గేజ్ పెడితే తెలిసింది, ఆ 5 మి.మీ.లో దాదాపు 2 మి.మీ. దిమ్మె జారడమే. ఆ మేరకు పిల్లర్ వంగలేదు, మొత్తం కదిలింది. దిమ్మె కింద సిమెంటు గ్రౌట్ పోసి, బోల్టులు మళ్ళీ బిగించడానికి మూడు వారాలు పోయాయి. ఈ పరీక్ష చేయబోయేవాళ్ళు దిమ్మె దగ్గర గేజ్ మొదటిరోజే పెట్టండి.

ఆ తర్వాత చూసింది నన్ను ఆశ్చర్యపరిచింది. ఒకటిన్నర శాతం దాకా మూడు పిల్లర్లూ ఒకేలా ప్రవర్తించాయి. పక్క బలం నాలుగు టన్నుల దగ్గర, మూడింటికీ. ఎందుకంటే వంపుకి ఎదురు నిలిచేది నిలువు రాడ్లు. రింగుల బయట ఉండే కాంక్రీటు పైపొర ఊడి, లోపలి కాంక్రీటు ఉబ్బాలని చూసినప్పుడే రింగుకి అసలు పని పడుతుంది. ఒకే దూరానికి రెండోసారి తోస్తే మొదటిసారికన్నా తక్కువ లోడే చాలింది, మూడోసారి ఇంకా తక్కువ. ఒక్కసారి మాత్రమే తోసి వదిలేస్తే ఈ అలసట కనపడదు.

రెండు శాతంలో పైపొర ఊడింది. మూడు శాతం రెండో చుట్టులో మొదటి పిల్లర్ రాడ్లు రింగుల మధ్య విల్లులా బయటికి వంగాయి, పైబరువు మోయలేక కుంగింది. ఆపేశాం. రెండోది ఐదు శాతం దాకా దాదాపు అదే బలంతో నిలిచింది. చివర్లో వంగి, సాగి, మళ్ళీ వంగిన ఒక మూలరాడ్ పెద్ద చప్పుడుతో తెగింది. పిల్లర్ మాత్రం బరువు వదల్లేదు.

మూడోదాని పరీక్షకి మేస్త్రిని పిలిచాను. నాలుగు శాతం దగ్గర రింగులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. 90 డిగ్రీల కొక్కెం తోక ఉండేది పైపొరలోనే కదా. పొర ఊడితే దాన్ని పట్టుకునేది ఏమీ లేదు. 135 తోక లోపలి కాంక్రీటులో ఇరుక్కుని ఉంటుంది, లోపలిది ఉబ్బేకొద్దీ ఇంకా బిగుస్తుంది.

1971 భూకంపంలో దెబ్బతిన్న కాలిఫోర్నియాలోని ఆలివ్ వ్యూ ఆసుపత్రి ఫోటోలు అప్పటికి చాలాసార్లు చూశాను. అక్కడ దగ్గర దగ్గరగా స్ప్రింగులా చుట్టు చుట్టిన పిల్లర్లు పక్కకి ఒరిగిపోయినా బరువు మోస్తూనే ఉన్నాయి, విడి రింగులున్న మూల పిల్లర్లు పిండైపోయాయి. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి దూరాన అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్ల సంగతీ చదివాను. అప్పటికి ఐఎస్ 13920 వచ్చి ఎనిమిదేళ్ళు. చదివినప్పుడు కలగని బాధ, ఆ విచ్చుకున్న రింగు చేత్తో పట్టుకున్నప్పుడు కలిగింది.

మేస్త్రి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. “ఒక్కో రింగుకి ఇనుము ఎంత ఎక్కువ పడుతుంది బాబూ?” అన్నాడు. రెండు రింగులూ పక్కపక్కన పెట్టి కొలిచాం. తేడా నాలుగు వేళ్ళ వెడల్పు. ఆ తెరుచుకున్న రింగు తన దగ్గరి కుర్రాళ్ళకి చూపిస్తానని అడిగి పట్టుకెళ్ళాడు.