పాదులో బురద, ఫోన్‌లో ఎడారి

మా దానిమ్మ తోట ఎకరంన్నరే. వరసగా రెండేళ్లు కాయలు పగిలాయి. సాయంత్రం నున్నగా ఉన్న కాయ, పొద్దున్నే చూస్తే నోరు తెరుచుకుని గింజలు బయటపెట్టి ఉండేది. కారణం నాకు తెలియక కాదు. నేల బెట్టకొస్తే తొక్క బిగుసుకుపోతుంది. ఆపైన ఒక్కసారిగా నీళ్లు అందితే లోపల గింజలు ఉబ్బుతాయి, తొక్క సాగలేక పగులుతుంది. ఇదివరకు వానకో అదనుండేది. ఇప్పుడు వారాల తరబడి చినుకుండదు, తర్వాత ఒక్క రాత్రే ముంచెత్తుతుంది. వానను ఆపలేం. అది పడేసరికి నేల మరీ ఎండకుండా చూసుకోవచ్చు కదా అని రెండు తేమ సెన్సర్లు కొన్నాను. ఒకటి అడుగు లోతుకి, ఇంకోటి రెండడుగులకి.

బిగించడానికి వచ్చినతను అరగంటలో పని ముగించుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి నాకు టెన్షన్. పై సెన్సర్ 120 సెంటీబార్లు చూపిస్తోంది. ఈ లెక్కలో సున్నా అంటే నేల నిండా నీళ్లు, అంకె పెరిగేకొద్దీ ఎండినట్టు. ఫోన్ ఒకటే మోత, నీళ్లు పెట్టమని. పెట్టాను. అంకె కాస్త దిగి, మళ్లీ ఎక్కి కూర్చుంది. మళ్లీ పెట్టాను. పాదులో చూస్తే బురద, ఫోన్‌లో చూస్తే ఎడారి!

మూడో రోజు తవ్వి చూశాను. సెన్సర్ చుట్టూ వేలు పట్టేంత సందు. మట్టే తగలకపోతే అది చెప్పేది గాలి సంగతే. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గుంతలో పల్చటి బురద పోసి, అందులోకి అదిమి పాతాను. మర్నాడు 18.

అసలు గుట్టు కింది సెన్సర్ విప్పింది. నేను రెండు గంటలు డ్రిప్ వదిలిన ప్రతిసారీ అది సున్నా దగ్గరకు పడిపోయేది. అంటే ఇన్నేళ్లూ సగం నీళ్లు వేళ్లు దాటి కిందికే పోయాయన్నమాట. వారానికి రెండు తడులు మానేసి, రోజు విడిచి రోజు 40 నిమిషాలు ఇస్తున్నాను. యాప్‌లో హెచ్చరిక 60 దగ్గర ఉండేది. మాది ఇసుకపాలు ఎక్కువున్న నేల, అంతదాకా ఆగితే ఆలస్యమే. 30కి మార్చాను.

ఈసారి పెద్ద వానకి చాలా కాయలు నిలిచాయి. ఒక్క మూల చెట్లకి మాత్రం మళ్లీ పగిలాయి. వెళ్లి చూస్తే అక్కడ డ్రిప్పర్లు మూసుకుపోయి ఉన్నాయి. సెన్సర్ ఉన్నది ఇవతలి చెట్టు కింద, దానికి ఎప్పుడూ తడి సరిపోయింది మరి.