కుడి చెంప

రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. ఆరున్నరదాకా పడుకుందామనుకున్నాను. కానీ కార్తీకమాసం కదా, అమ్మ నాలుగున్నరకే లేచి తులసికోట దగ్గర ప్రమిదలు సర్దుకుంటుంది. ఆ చప్పుడుకి మెలకువ వచ్చేసింది. ఎలాగూ ల్యాబ్‌కి వెళ్ళాలి. థైరాయిడ్ మాత్ర వేసుకోకముందే రక్తం ఇచ్చి రమ్మన్నారు.

ఈ పరీక్ష చేయించుకోవడం ఇది రెండోసారి. కిందటి నెల రిపోర్టులో టీఎస్‌హెచ్ బాగా పడిపోయి వచ్చింది, అంటే ఒంట్లో థైరాయిడ్ ఎక్కువైనట్టు. ఎనిమిదేళ్ళుగా అదే డోసు, ఎప్పుడూ ఇలా కాలేదు. డాక్టరుగారు కాగితం చూశారు, నన్ను చూశారు. "గుండెదడ ఉంటోందా? బరువు తగ్గారా?" అన్నారు. బరువు తగ్గడమా, అంత అదృష్టమా! "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అంటే లేదన్నాను. కాసేపాగి, "జుట్టు రాలుతోందని గమ్మీలు తింటున్నానండీ, అవి మందులు కావు కదా" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

జెల్లీ బిళ్ళల్లాంటి ఆ గమ్మీల్లో ఉన్నది బయోటిన్ అనే విటమిన్. డబ్బా మీద 10,000 మైక్రోగ్రాములని పెద్దక్షరాలతో వేశారు. మనిషికి రోజుకి కావలసింది 30, 40 మైక్రోగ్రాములేనట. మిగతాది ఒంట్లో నిలవ ఉండదు, బాత్రూంలో పోతుంది. పోతే పోయింది, పోయేలోపు పరీక్షను చెడగొడుతుంది. చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష చేసే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు కాబట్టి, రక్తంలో అది దండిగా ఉంటే మిషన్ లెక్క తప్పుతుంది. థైరాయిడ్ మామూలుగా ఉన్నా ఎక్కువైపోయినట్టు చూపిస్తుంది. గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్షనూ ఇది తప్పుదారి పట్టించగలదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. నా డోసు తగ్గించకుండా ఆయన ఆ ఒక్క ప్రశ్న అడిగారు కాబట్టి సరిపోయింది. ఐదు రోజుల కిందట గమ్మీలు మానేశాను. స్ట్రాబెరీ రుచి, నిజం చెప్పొద్దూ, మానడం కష్టంగానే ఉంది.

ల్యాబ్ నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర కారు అద్దంలో మొహం చూసుకున్నాను. ఈ వారమంతా ఇదే పని. మొన్న తెనాలిలో పెళ్ళికి వెళ్తే, భోజనాల దగ్గర మా దూరపు అత్తయ్య నా గడ్డం పట్టుకుని, "ఏంటే, అలా అయిపోయావు?" అంది. ఎలా అయిపోయానో మాత్రం చెప్పలేదు. ఎప్పుడూ చెప్పరు. ఆ "అలా"లో ఏముందో మనమే ఇంటికొచ్చి వెతుక్కోవాలి. చేతిలో బూరె అలాగే ఉండిపోయింది నాకు.

వెతుక్కుంటే మళ్ళీ దొరికింది కుడి చెంప. ఎడమ చెంప నలభైల్లో ఉన్నట్టే ఉంది. కుడి చెంప మీద మంగు, కంటి చివర గీతలు కూడా అటే ఎక్కువ. ఆరు నెలల కిందట స్కిన్ డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ క్రీములేమీ అడగలేదు, "మీరు కారు నడుపుతారా?" అని అడిగింది. మంగళగిరిలో ఇల్లు, విజయవాడలో బ్రాంచి. పదకొండేళ్ళుగా పొద్దున ఈశాన్యానికి వెళ్తాను, సాయంత్రం నైరుతికి వస్తాను. అంటే వారధి మీద పొద్దుటి ఎండా నా కుడివైపే, సాయంత్రం ఎండా నా కుడివైపే. ఏసీ వేసుకుని అద్దాలెత్తుకుంటే ఎండ తగలదనుకున్నాను. చర్మాన్ని కమిలించే కిరణాలను, అంటే యూవీబీని, అద్దం ఆపుతుందట. లోపలికంటా దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్‌ను కొరికేసే యూవీఏని పక్క అద్దం చాలావరకు వదిలేస్తుంది. ముందున్న పెద్దద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి నయం. కమలదు, మండదు, అందుకే మనకి తెలియదు.

ఆవిడ ఫోనులో ఒక ఫొటో చూపించింది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఫొటో. 28 ఏళ్ళు ట్రక్కు నడిపిన ఒక 69 ఏళ్ళ అమెరికా ఆయన. వాళ్ళకి స్టీరింగ్ ఎడమవైపు కదా, ఆయన మొహం కుడి సగం మామూలు పెద్దాయనది, ఎడమ సగం ఆయన తండ్రిదేమో అన్నట్టుంది. మందంగా, మడతలు మడతలుగా. ఒకే ముక్కుకి అటొకరు ఇటొకరు. నేను ఆ రాత్రి ఆ ఫొటో మా ఆయనకి చూపిస్తే, "మరి మన అద్దాలకి ఫిల్మ్ వేయిద్దామంటే కుదరదుగా, సుప్రీంకోర్టు ఒప్పుకోదు" అన్నారు. నల్ల ఫిల్ములొద్దని ఆ తీర్పు వచ్చిందీ 2012లోనే. నా చెంప మీద ఎవరికీ కక్ష లేదు గానీ, ఆ ఏడాది దానికి కలిసిరాలేదు.

డాక్టరమ్మ రాసినవి రెండే. పొద్దున సన్‌స్క్రీన్, అదీ ఎస్‌పీఎఫ్ అంకె ఒక్కటే చూడకుండా పీఏ పక్కన ప్లస్సులు కూడా చూసి కొనమంది, యూవీఏ సంగతి చెప్పేది ఆ ప్లస్సులేనట. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పెట్టుకుంటే మొహానికి, మెడకి సరిపోతుందంది. నేను అప్పటిదాకా కుంకుమంత రాసుకునేదాన్ని. రెండోది రాత్రి రాసుకునే ట్రెటినోయిన్, ఇది మాత్రం శనగగింజంతే. నేనేమో రెండింటికీ కొలతలు తారుమారు చేశాను. ఎక్కువ రాస్తే తొందరగా పనిచేస్తుందని రాత్రి మందు దట్టించి, నాలుగో రోజుకి మూతి చుట్టూ పొట్టు లేచి, కౌంటర్లో కూర్చుంటే ఒక పెద్దాయన, "చలికాలం ఇంకా రాలేదు కదమ్మా, అప్పుడే పగిలిందా" అన్నాడు.

ఆ ట్రెటినోయిన్ అసలు మొటిమల మందు. విటమిన్ ఏ నుంచి వచ్చింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే డాక్టరు మొటిమలకి ఇస్తుంటే, కాస్త పెద్దవయసు ఆడవాళ్ళు ముడతలు కూడా తగ్గాయండీ అన్నారట. 1986లో ఆయన దాని మీద పరిశోధన ప్రచురించాడు. ఇక్కడిదాకా చదివి మెచ్చుకున్నాను. ఇంకాస్త చదివితే, ఇదే మనిషి ఫిలడెల్ఫియాలో హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడని ఉంది. ఆ రాత్రి ట్యూబు మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. మర్నాడు రాసుకున్నాను. ఏం చెప్పను.

పదకొండున్నరకి కొరియర్ వచ్చింది. హైదరాబాద్ నుంచి మా వదిన పంపింది. తెల్లటి డబ్బా, బంగారు అక్షరాలు, "మెరైన్ కొలాజెన్". వాళ్ళ ఆఫీసులో ఆడవాళ్ళందరూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో కలుపుకుని తాగుతున్నారట. వదిన మంచిది, పెళ్ళిలో అత్తయ్య మాట విని నా మొహం చూసి ఉంటుంది. కానీ డబ్బా ముందు అమ్మ చేతిలో పడింది. ఈ నెలంతా అమ్మ బిస్కెట్ ప్యాకెట్ కూడా ఆకుపచ్చ చుక్క చూడందే ముట్టదు. కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఏమే, దీనికి చుక్క లేదు. గోధుమరంగులో ముక్కోణం ఉంది."

"మాంసాహారం గుర్తమ్మా. ఇదివరకు అదీ చుక్కే ఉండేది, మార్చారు."

"మెరైన్ అంటే?"

"సముద్రం."

"సముద్రంలో ఏముంటాయే?"

నేను మాట్లాడలేదు. "కార్తీకమాసంలో చేప తోలు పంపిందా నా కోడలు!" అని డబ్బాని పెరటి గుమ్మం అవతల, చెప్పుల స్టాండ్ మీద పెట్టించింది. పౌర్ణమి వెళ్ళాక తెచ్చుకుంటానంటే, మాసం వెళ్ళాక అంది. రెండు వేల ఎనిమిది వందల డబ్బా చెప్పుల స్టాండ్ మీద ఉంది ఇప్పుడు.

నాకు పెద్ద బాధేం లేదు. కొలాజెన్ ఒక ప్రోటీన్. తాగినది తిన్నగా చెంపలోకి వెళ్ళి కూర్చోదు, పప్పులో ప్రోటీన్ లాగే పొట్టలో ముక్కలైపోతుంది. చర్మంలో తేమ, సాగుడు కాస్త పెరిగాయని చెప్పే పరీక్షలు ఉన్నాయి, వాటిలో చాలావాటికి డబ్బులు పెట్టింది ఆ పొడి అమ్మేవాళ్ళే. అమ్మ మాత్రం వంటింట్లో ఉసిరికాయలకి గాట్లు పెడుతూ, "ఇది తినవే, ఇందులో లేందేముంది" అంది. ఈ ఒక్క మాటలో కొంత పాయింటు ఉంది. ఒంట్లో కొలాజెన్ పేనుకోవాలంటే విటమిన్ సి ఉండి తీరాలి, అది లేకే పాతకాలం ఓడల్లో వాళ్ళకి చిగుళ్ళు కుళ్ళేవి. అలాగని జాడీడు ఉసిరికాయ తిన్నంత మాత్రాన నాకు పాతికేళ్ళు రావు. అసలు ఇప్పుడు నా కొలాజెన్ పోతున్నది తిండి తక్కువై కాదు. పీరియడ్స్ ఒక నెల వచ్చి రెండు నెలలు రాకపోవడం మొదలైంది. అవి ఆగిపోయాక మొదటి ఐదేళ్ళలోనే చర్మంలో కొలాజెన్ దాదాపు 30 శాతం పోతుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు, లోన్ వడ్డీ లెక్క విన్నట్టు విన్నాను.

నాలుగింటికి పార్లర్‌కి వెళ్ళాను, ఐబ్రోస్‌కి. రెండేళ్ళుగా "అక్కా" అనే అమ్మాయి ఇవాళ "ఆంటీ, కాస్త స్కిన్ టైట్‌గా పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. నుదుటి మీద దారం టకటకమని పాకుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి, అవి దారం వల్లే. తర్వాత గోల్డ్ ఫేషియల్, యాంటీ ఏజింగ్ ఫేషియల్, ప్యాకేజీ తీసుకుంటే పెడిక్యూర్ ఫ్రీ, అన్నీ చెప్పింది. నేను తల ఊపుతుంటే సొరుగులోంచి ఒక చిన్న తెల్ల డబ్బా తీసింది. పేరు లేదు, తేదీ లేదు, ఏ కాగితమూ లేదు. "ఇది రాయండి ఆంటీ, పది రోజుల్లో మంగు పోతుంది. గ్యారంటీ."

పది రోజుల్లో పోతుందనే నా భయం. మా బ్రాంచిలోనే ఒకమ్మాయి ఇలాంటిదే వాడింది. మొదట నిజంగానే తెల్లబడింది, అందరం అడిగాం కూడా ఏం వాడుతున్నావని. ఆరు నెలలకి చర్మం ఉల్లిపొరలా అయి, ఎండలోకి వస్తే ఎర్రగా మండేది, బుగ్గల మీద నూగు వచ్చింది. మానేస్తే ఇంకా ఎక్కువయ్యేది. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత తేలింది. 2023లో కేరళలో మలప్పురం వైపు తెల్లబడే క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీలు దెబ్బతింటే, ఆ క్రీముల్లో పాదరసం ఉందని డాక్టర్లు పట్టుకున్నారు. ఈ అమ్మాయికి ఇవన్నీ చెప్పాలా వద్దా అనుకుంటూ మొహం చూశాను. మందంగా ఫౌండేషన్, దాని కింద అక్కడక్కడా ఎరుపు. "నువ్వూ ఇదే రాస్తున్నావా?" అన్నాను. "ఆ, కొంచెం రాస్తా" అంది, దారం వేలికి చుట్టుకుంటూ. డాక్టరమ్మ నంబరు ఇచ్చాను. తీసుకుంది. వెళ్తుందో లేదో. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా డ్యూటీ తనకి.

ఇంత తెలిసిన మనిషిని, వచ్చే గురువారానికి ఫేషియల్ బుక్ చేసుకుని వచ్చాను. అడ్వాన్స్ 300. దాంతో ముడతలు పోవని నాకు తెలుసు. కానీ ఆ అరగంట కళ్ళు మూసుకుని పడుకుంటే ఎవరూ నన్ను ఏమీ అడగరు, పైగా ఆ పిల్ల చేతులు చాలా మెత్తన.

రాత్రి దీపాలయ్యాక అమ్మకి బీపీ చూడాలి. రోజూ చూసేదే. ఆవిడ మంచం మీద కూర్చుని చెయ్యి చాపింది. పట్టీ కట్టడానికి జాకెట్ చెయ్యి పైకి జరిపాను. ఇన్నాళ్ళూ ఎలా చూడలేదో. జాకెట్ అంచు ఉండే చోట గీత గీసినట్టుంది. దాని కింద మోచేయి, ముంజేయి అంతా గోధుమరంగు మచ్చలు, చర్మం నలిగిన పేపర్ లాగా, పట్టుకుంటే జరుగుతోంది. నలభై ఏళ్ళు తెనాలి పక్క పల్లెలో కళ్ళంలో మినుములు ఎత్తిన చెయ్యి. గీతకి పైన జబ్బ మీద మచ్చ లేదు, మడత లేదు, నున్నగా మెరుస్తోంది. కింద చేతికి ఎన్నేళ్ళో పైదానికీ అన్నేళ్ళే, డెబ్భై నాలుగు. వేలితో ఆ గీత మీద రాశాను.

"ఏం చూస్తున్నావే, కట్టు."

"ఇక్కడ నీ చర్మం నాకంటే బాగుందమ్మా."

"ఎక్కడా?" అని మెడ తిప్పి చూసుకోబోయింది, అందలేదు. మిషన్ బుస్సుమని గాలి ఎక్కించుకుంటోంది. మాట్లాడొద్దన్నాను, ఆవిడ ఆగదు కదా.

"మొన్న పెళ్ళిలో నన్నూ అడిగింది మీ అత్తయ్య, అలా అయిపోయావేంటొదినా అని."

"నువ్వేమన్నావు?"

"డెబ్భై నాలుగు వచ్చాయి, ఇంకెలా అవుతానే అన్నాను. తర్వాత రెండో బూరె వడ్డించమన్నాను."

136, 80. మాట్లాడినందుకు పైది ఓ నాలుగు పెరిగి ఉంటుంది. మళ్ళీ చూస్తానంటే ఒప్పుకోలేదు, అలాగే పుస్తకంలో రాసుకున్నాను.