సెల్లార్ గుంతలో మట్టి ఎందుకు విరిగిపడుతుంది

ప్రొక్లెయిన్‌తో నిట్టనిలువుగా కోసిన మట్టిగోడ రెండు రోజులు కదలకుండా నిలబడితే మేస్త్రీకి ధైర్యం వస్తుంది. ‘గట్టి మొరం, ఏం కాదు’ అంటూ ఫుటింగ్ (పునాది దిమ్మ) పనికి కూలీలను దింపేస్తాడు. ప్రాణాలు తీస్తున్నది ఆ ధైర్యమే. కొత్తగా కోసిన మట్టిలో కాస్త తేమ ఉంటుంది, రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచేది చాలావరకు అదే. ఎండకు ఆరిపోయినా, వానకు పూర్తిగా నానినా ఆ పట్టు సడలిపోతుంది. నల్లరేగడి మరీ ప్రమాదం: ఎండకు నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లోకి దిగిన నీళ్లు గోడను వెనకనుంచి నెడతాయి. పక్కింటి పునాది చుట్టూ, పాత డ్రైనేజీ లైను వెంట పూడ్చిన మట్టినైతే అసలు నమ్మకూడదు.

ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది. తల బయటే ఉన్నా, ఛాతీ దాకా కూరుకుపోతే చాలు. ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుసుకుంటుంది, మళ్లీ పీల్చుకోవడానికి చోటుండదు. నిమిషాల్లో ప్రాణం పోతుంది.

కేంద్ర ప్రజాపనుల విభాగం (సీపీడబ్ల్యూడీ) భద్రతా నియమాల్లో లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. కందకం 5 అడుగులు, అంతకు మించి లోతుంటే పక్కలను మెట్లుగానో వాలుగానో వెనక్కి కోయాలి, లేదా చెక్కలతో గట్టిగా ఆపు కట్టాలి. తవ్విన మట్టిని అంచు నుంచి 5 అడుగులు, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. అంటే 12 అడుగుల గుంతకు 6 అడుగులు. మన సైట్లలో అందరూ తప్పేది ఇక్కడే. లారీ వచ్చేదాకా కదా అని అంచునే గుట్ట పోస్తారు, ఆ బరువంతా కింద పనిచేసేవాళ్ల నెత్తిమీదే. లోతు 4 అడుగులు, అంతకు మించి ఉంటే పొడవునా ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన, అంచుకు 3 అడుగులు పైకి వచ్చేలా ఉండాలి. అడుగున తొలిచి పైమట్టిని పడగొట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

వాలు విషయానికొస్తే, మొరానికి లోతెంతో వెనక్కి కనీసం అంత, ఇసుకకూ పూడ్చిన మట్టికీ ఒకటిన్నర రెట్లు ఉండాలి. 200 గజాల ప్లాటులో అంత చోటెక్కడిది? అలాంటప్పుడు సరిహద్దు వెంట ఒకేసారి తవ్వేయకూడదు. స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇచ్చిన డిజైన్ ప్రకారం ఒక ముక్క విడిచి ఒక ముక్క తవ్వి, అక్కడ రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) లేపాకే మిగతావి ముట్టుకోవాలి. కాంపౌండ్ వాల్ పునాది లోతు తరచూ రెండు మూడు అడుగులే ఉంటుందని మరవొద్దు.

రోజూ కూలీలు దిగేముందు, వాన వెలిశాక మళ్లీ, సైట్ ఇంజినీర్ అంచుకు కాస్త ఎడంగా పైన నడిచి చూడాలి. గుంతకు సమాంతరంగా వెంట్రుకంత పగులు కనిపించినా, గోడలోంచి చెమ్మ ఊరినా, చిన్న పెళ్లలు రాలినా ఎవరినీ దింపొద్దు. కాంక్రీటు తెచ్చే ట్రాన్సిట్ మిక్సర్‌ను అంచుకు కనీసం గుంత లోతంత దూరంలోనే ఆపించాలి.

ఒకవేళ విరిగిపడితే, అందరూ ఒక్కసారిగా దూకొద్దు. రెండో పెళ్ల పడేది కాపాడబోయిన వాళ్లమీదే. మిషన్లన్నీ ఆపి, 112కి ఫోన్ చేసి, నిలిచి ఉన్న గోడకు ఆపు పెట్టాకే దిగాలి. ముందు ముఖం, తర్వాత ఛాతీ చుట్టూ మట్టిని చేత్తోనే తీయాలి. జేసీబీ బకెట్ పెట్టొద్దు, తాడు కట్టి లాగొద్దు. ఎన్ని గంటలకు కూరుకుపోయాడో అంబులెన్స్ సిబ్బందికి చెప్పాలి. కాళ్లు చాలాసేపు నలిగితే బరువు తీసిన వెంటనే గుండె ఆగే ప్రమాదం ఉంది, అందుకని బయటికి లాగకముందే వాళ్లు సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు.